గొలుసులో ఒక్క పూస తేడాగా ఉంటే: లోకలైజ్డ్ మోడ్‌ను స్ప్రెడ్‌షీట్‌లో పట్టుకుని డీఎన్ఏ దాకా వెళ్ళడం ఎలా

కుండ కొనేటప్పుడు మా అమ్మమ్మ వేలి కణుపుతో టంగుమని కొట్టి చూసేది. కంటికి కనపడని సన్నటి పగులు కూడా చెవికి దొరికిపోయేది. లోపం ఉన్న వస్తువు మోగే తీరే వేరు. డీఎన్ఏ, పాలిథీన్, కొవ్వొత్తి మైనం లాంటి పొడవాటి గొలుసు అణువుల్లో ఈ సంగతి ఇంకాస్త దూరం వెళ్తుంది. గొలుసులో ఒక్కచోట బరువో, స్ప్రింగో, జతను పట్టి ఉంచే బలమో తేడాగా ఉంటే కొన్ని కంపనాలు గొలుసంతా పాకకుండా ఆ ఒక్కచోటే ఉండిపోతాయి. ఆ పూస గట్టిగా ఊగుతుంది, పక్కది కొంచెం ఊగుతుంది, దాని పక్కది ఇంకా తక్కువ, అయిదారు పూసలు దాటేసరికి ఏమీ మిగలదు. దీన్నే లోకలైజ్డ్ మోడ్ అంటారు.

మన బీఎస్సీ, ఎమ్మెస్సీ సిలబస్‌లో ఒకే రకం పరమాణువుల గొలుసు, తర్వాత రెండు రకాల గొలుసు చెప్పి అక్కడితో ఆపేస్తారు. నిజానికి అసలు సరదా అంతా ఆ తర్వాతి మెట్టులో ఉంది, ఆ మెట్టు ఎక్కడానికి పెద్ద లెక్కలేమీ అక్కర్లేదు. ఫోన్‌లో స్ప్రెడ్‌షీట్ యాప్ ఉంటే సగం పని అయిపోతుంది. మిగతా సగానికి పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష), నంపై (లెక్కల కోసం దానికి జోడించే లైబ్రరీ) ఉన్న ల్యాప్‌టాప్ కావాలి. మీ కాలేజీలో ఎఫ్‌టీఐఆర్ మెషీన్ (వస్తువు ఏ ఇన్‌ఫ్రారెడ్ ఫ్రీక్వెన్సీలను పీల్చుకుంటుందో చూపేది) ఉంటే చివర్లో కొవ్వొత్తి ముక్కతో ఇదంతా కళ్ళారా చూడొచ్చు.

ముందు బ్యాండ్, తర్వాతే లోపం

ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతావన్నీ వాటంతటవే వస్తాయి. లోపాన్ని చూసే ముందు, లోపం లేని గొలుసు ఏ ఫ్రీక్వెన్సీలను మోయగలదో లెక్కగట్టండి. ఆ పరిధినే బ్యాండ్ అంటాం.

ప్రతి పూస బరువు 1, ప్రతి స్ప్రింగ్ బలం 1 అనుకోండి. అన్ని పూసలూ కలిసి ఒకే వైపు నెమ్మదిగా జరిగితే స్ప్రింగులు సాగవు, ఫ్రీక్వెన్సీ సున్నా దగ్గర ఉంటుంది. పక్కపక్క పూసలు ఒకదానికొకటి ఎదురుగా ఊగితే స్ప్రింగులు గరిష్ఠంగా సాగుతాయి, అప్పుడు ఫ్రీక్వెన్సీ వర్గం 4 అవుతుంది. అంతకంటే వేగంగా ఊగడం ఈ గొలుసుకు చేతకాదు. అంటే బ్యాండ్ 0 నుంచి 4 వరకు (నేను అన్నిచోట్లా ఫ్రీక్వెన్సీ వర్గాన్నే చెబుతాను, మాటిమాటికీ వర్గమూలం తియ్యడం వృథా).

మరి బయటి నుంచి ఒక పూసను పట్టుకుని 5తో బలవంతంగా ఊపితే? గొలుసు ఆ కంపనాన్ని మోయలేదు, పక్క పూస 0.38 వంతే కదులుతుంది, దాని పక్కది అందులో 0.38 వంతు, అలా అలా తగ్గిపోతుంది. లోకలైజ్డ్ మోడ్ వెనక ఉన్న రహస్యం ఇంతే. లోపం ఉన్న పూస బ్యాండ్ బయట ఊగాలనుకుంటుంది, మిగతా గొలుసు ఆ ఫ్రీక్వెన్సీని తీసుకుపోలేదు, కాబట్టి శక్తి అక్కడే చిక్కుకుపోతుంది. దీన్నిబట్టి ఇంకోటి కూడా తెలుస్తోంది: లోపం ఉంది కదా అని మోడ్ ఉండి తీరాలని లేదు. ఫ్రీక్వెన్సీ బ్యాండ్ దాటితేనే ఉంటుంది. చాలామంది ఒక మోడ్ బొమ్మలో మధ్యలో ఎత్తుగా కనిపించగానే లోకలైజ్డ్ అని రాసేస్తారు, బ్యాండ్ ఎక్కడ ఆగిందో చూడరు. దయచేసి ఆ పని చెయ్యకండి.

స్ప్రెడ్‌షీట్‌లో పట్టుకోవడం

గొలుసు మధ్యలో ఒక్క పూస బరువు సగం, అంటే 0.5, అనుకుందాం. మిగతావన్నీ 1. ఎడమా కుడీ ఒకేలా ఉంటాయి కాబట్టి కుడివైపు ఒక్కటి చూస్తే చాలు.

ఒక గడిలో ఫ్రీక్వెన్సీ వర్గం పెట్టుకోండి, ఇంకో గడిలో ఆ తేడా పూస బరువు. ఇప్పుడు ఒక నిలువు వరుసలో పూసల కదలికలు. మొదటి గడి (లోపం ఉన్న పూస) 1. రెండో గడి: 1 లోంచి, బరువును ఫ్రీక్వెన్సీ వర్గంతో గుణించి 2తో భాగించినది తీసెయ్యండి. మూడో గడి నుంచి ఒకటే సూత్రం, కిందికి లాగెయ్యడమే: (2 − ఫ్రీక్వెన్సీ వర్గం) × పై గడి − ఆ పైది. ఇది కొత్తదేమీ కాదు, ప్రతి పూసకూ న్యూటన్ సూత్రం రాసి అటూ ఇటూ సర్దితే వచ్చేదే.

ఇప్పుడు ఫ్రీక్వెన్సీ గడిలో 5.3 పెట్టండి. వరుస ఇలా వస్తుంది: 1, −0.325, 0.0725, 0.0858, −0.355, 1.087. మొదట్లో తగ్గుతున్నట్టే ఉండి తర్వాత పెరిగిపోతోంది, అంటే ఇది నిజమైన మోడ్ కాదు. 5.4 పెట్టి చూడండి: 1, −0.35, 0.19, −0.296, 0.816, −2.48. ఇదీ పెరిగింది, కానీ ఈసారి చివరి అంకె గుర్తు మారింది. మొదటిసారి ప్లస్, ఇప్పుడు మైనస్. అంటే ఈ రెండింటి మధ్యలో ఎక్కడో పెరగకుండా చక్కగా తగ్గిపోయే విలువ ఉంది. 5.35 పెడితే చివరిది −0.586, కాబట్టి జవాబు 5.3కీ 5.35కీ మధ్యలో. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే 5.3333 దగ్గర తేలుతుంది. సూటిగా 16ను 3తో భాగించి ఆ గడిలో పెట్టండి: 1, −0.3333, 0.1111, −0.0370, 0.0123… ప్రతి మెట్టుకూ మూడో వంతు, గుర్తు మారుతూ. నేను మొదటిసారి ఈ అంకెలు చూసినప్పుడు స్క్రీన్ ముందు నుంచి లేవబుద్ధి కాలేదు, అంత శుభ్రంగా వస్తాయి. మీరు కూడా చదివి వదిలెయ్యకుండా ఒకసారి చేసి చూడండి, అయిదు నిమిషాల పని.

ఇక్కడ ఒక చిక్కుంది. సూత్రాన్ని యాభై గడుల దాకా లాగితే, 16 ÷ 3 పెట్టినా సరే, పదిహేను ఇరవై గడులు దాటాక అంకెలు మళ్ళీ పెరగడం మొదలుపెడతాయి. కంగారు పడకండి, అది భౌతికశాస్త్రం కాదు. కంప్యూటర్ దాచుకునే అంకెల్లో పదహారో స్థానం దగ్గర చిన్న తప్పు ఉంటుంది, ఆ తప్పు ప్రతి మెట్టుకూ మూడు రెట్లు అవుతూ వస్తుంది. 5.3333 అని నాలుగు దశాంశాలే టైప్ చేస్తే అయిదారు గడులకే పెరగడం మొదలవుతుంది. ఇక్కడ మొదటి పది గడులే నమ్మండి.

ఇప్పుడు బరువు గడిని మారుస్తూ ఆడుకోండి. పక్క పూసకు ఎన్నో వంతు చేరుతుందో చెప్పే సూత్రం చాలా చిన్నది: తేడా పూస బరువును, 2 లోంచి ఆ బరువు తీసేస్తే వచ్చినదానితో భాగించాలి. 0.5కి మూడో వంతు, 0.8కి 0.667, 0.9కి 0.818. అంటే తేడా తగ్గేకొద్దీ మోడ్ వెడల్పు అవుతుంది, ఫ్రీక్వెన్సీ బ్యాండ్ అంచుకు దిగుతుంది, కానీ తేడా ఎంత చిన్నదైనా సరే మోడ్ మాత్రం ఉంటుంది. ఇప్పుడు 2 పెట్టండి, అంటే బరువైన పూస. 4 దాటి ఎన్ని విలువలు ప్రయత్నించినా తగ్గే వరుస దొరకదు. బరువైన పూస నెమ్మదిగా ఊగాలనుకుంటుంది, నెమ్మది ఫ్రీక్వెన్సీలన్నీ బ్యాండ్ లోపలే ఉన్నాయి, గొలుసు వాటిని హాయిగా మోసుకుపోతుంది. కాబట్టి అక్కడ ఏదీ చిక్కుకోదు.

స్ప్రింగ్ విషయంలోనూ అంతే. బరువులన్నీ 1గా ఉంచి ఒక్క స్ప్రింగును మాత్రం 2 చేస్తే మోడ్ వస్తుంది, ఫ్రీక్వెన్సీ వర్గం సరిగ్గా అదే 5.3333, తగ్గుదల అదే మూడో వంతు. సగం బరువు, రెట్టింపు స్ప్రింగ్ ఒకే జవాబు ఇవ్వడం చూసి లెక్క తప్పిందనుకోకండి, నిజంగానే సమానం. అదే స్ప్రింగును 0.5 చేస్తే, అంటే బలహీనం చేస్తే, మోడ్ ఉండదు.

పైథాన్‌కి మారినప్పుడు

ఒక్క లోపం దాటితే స్ప్రెడ్‌షీట్‌తో విసుగొస్తుంది. 201 పూసలు తీసుకుని 201 × 201 మాత్రిక కట్టండి. డయాగనల్ మీద అంతటా 2, దాని రెండు పక్కలా −1. సగం బరువు పూస 101వది అనుకుంటే అక్కడ డయాగనల్ 4 అవుతుంది, దాని పక్కన ఉన్న నాలుగు −1లూ −1.4142 అవుతాయి. ఎందుకంటే ప్రతి అంకెనూ ఆ రెండు పూసల బరువుల లబ్ధం వర్గమూలంతో భాగించాలి. తర్వాత నంపైలో సిమెట్రిక్ మాత్రికల కోసం ఉన్న ఐగెన్ ఫంక్షన్‌కు ఇవ్వండి, మామూలు ఐగెన్ ఫంక్షన్‌కు కాదు. సిమెట్రిక్‌ది ఐగెన్ విలువలను, అంటే మోడ్‌ల ఫ్రీక్వెన్సీ వర్గాలను, చిన్న నుంచి పెద్ద వరుసలో ఇస్తుంది, ఒక్కోదానికి జతగా మోడ్ ఆకారం చెప్పే ఐగెన్ వెక్టర్‌నూ ఇస్తుంది. చివరి విలువ 5.3333, దాని ముందుది 3.999 దగ్గర. మధ్యలో ఆ ఖాళీ కనపడిందంటే మీ మాత్రిక సరిగ్గా ఉన్నట్టే.

నేను ఇక్కడే ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను. సెమినార్ రేపనగా మోడ్ ఆకారం గీస్తే మధ్య పూస, పక్క పూసల నిష్పత్తి మూడో వంతు రాలేదు, 0.47 వచ్చింది. రాత్రంతా టెన్షన్‌తో మాత్రికను తిరగరాస్తూ కూర్చున్నాను. మాత్రికలో తప్పు లేదు. ఐగెన్ వెక్టర్‌లో వచ్చే అంకెలు అసలు కదలికలు కావు, బరువు వర్గమూలంతో గుణించిన కదలికలు. ప్రతి అంకెనూ ఆ పూస బరువు వర్గమూలంతో భాగిస్తే గానీ నిజమైన ఆకారం రాదు. భాగించగానే 0.3333 వచ్చి కూర్చుంది. ఈ ఒక్క లైను కోడ్‌లో ముందే రాసి పెట్టుకోండి.

మోడ్ ఎన్ని పూసల మీద పరుచుకుందో ఒక్క అంకెలో చెప్పాలంటే పార్టిసిపేషన్ రేషియో వాడతారు. కదలికల వర్గాలన్నీ కూడి, ఆ మొత్తాన్ని మళ్ళీ వర్గం చేసి, నాలుగో ఘాతాల మొత్తంతో భాగించాలి. మన మోడ్‌కు అసలు కదలికలతో లెక్కిస్తే 1.52 వస్తుంది, బరువు కలిపిన అంకెలతో అయితే 2.05. రెండూ తప్పు కాదు, కానీ ఏది వాడారో రాయండి. గొలుసంతా పాకే మామూలు మోడ్‌లకు ఇది పూసల సంఖ్యలో దాదాపు మూడింట రెండు వంతులు, అంటే 134 చుట్టుపక్కల ఉంటుంది. 1.5కీ 134కీ మధ్య తేడా చూశాక ఇక వాదన ఉండదు.

ఇంకో ఇబ్బంది కూడా ఎదురవుతుంది. గొలుసులో ఒకేలాంటి రెండు లోపాలను దూరదూరంగా పెడితే కంప్యూటర్ మీకు రెండు చోట్లా సమానంగా ఊగే మోడ్‌లు రెండు ఇస్తుంది, ఒకటి కలిసి ఊగేది, ఇంకోటి ఎదురెదురుగా ఊగేది. చూడగానే ఇదేదో దూరంగా ఉన్న రెండు లోపాలు మాట్లాడుకుంటున్నాయి అనిపిస్తుంది. అలాంటిదేమీ లేదు. రెండు ఫ్రీక్వెన్సీలు దాదాపు ఒకటే కావడంతో లెక్క వాటిని ఇష్టమొచ్చినట్టు కలిపేసింది. ఒక లోపం బరువును వెయ్యో వంతు మార్చి మళ్ళీ నడపండి, రెండూ విడిపోయి ఎక్కడివక్కడ కూర్చుంటాయి.

డీఎన్ఏ దగ్గరికి వస్తే ఏం మారుతుంది

డీఎన్ఏ రెండు పోగుల నిచ్చెన. మనకు ఇక్కడ కావలసింది మెట్టు సాగడం, అంటే జతలోని రెండు బేస్‌లు (ఏ, టీ, జీ, సీ అని పిలిచే భాగాలు) ఒకదాన్నుంచి ఒకటి దూరం జరగడం. ఒక్కో మెట్టు మనకు ఒక్కో పూస. ఏ-టీ జతలో రెండు హైడ్రోజన్ బంధాలు, జీ-సీ జతలో మూడు. ఈ బంధాలు ప్రతి పూసనూ దాని చోటికి వెనక్కి లాగే విడి స్ప్రింగులా పని చేస్తాయి. పక్క మెట్లతో పేర్పు వల్ల వచ్చే లంకె ఇంతకుముందు చూసిన మామూలు స్ప్రింగ్. ఈ విడి స్ప్రింగ్ ఒక్కటి చేరడంతో కథ మారిపోతుంది, ఎందుకంటే ఇప్పుడు బ్యాండ్ సున్నా నుంచి మొదలవదు. కింద కూడా ఖాళీ ఏర్పడింది. కాబట్టి బలహీనమైన లోపం కూడా మోడ్‌ను పట్టుకోగలదు, బ్యాండ్ కింద.

చేసి చూద్దాం. జీ-సీకి విడి స్ప్రింగ్ 3, ఏ-టీకి 2 (బంధాల లెక్కన), పక్క లంకె 1, బరువులన్నీ 1. అంతా జీ-సీ ఉన్న గొలుసుకు డయాగనల్ 5, పక్కన −1. బ్యాండ్ 3 నుంచి 7 వరకు. ఇప్పుడు మధ్యలో ఒక్క ఏ-టీ పెట్టండి, అంటే ఆ ఒక్క డయాగనల్ 4. అన్నిటికంటే చిన్న విలువ 2.7639 వస్తుంది, బ్యాండ్ కిందికి దిగిపోయింది. పక్క పూస 0.618 వంతు ఊగుతుంది, ఈసారి గుర్తు మారకుండా, అందరూ ఒకే వైపు. ఆ 0.618 ఎక్కడో చూసినట్టుంది కదా, గోల్డెన్ రేషియోయే, 5 వర్గమూలం లోంచి 1 తీసేసి సగం చేస్తే వచ్చేది. 

అదే ఏ-టీని మధ్యలో కాకుండా గొలుసు చివర పెట్టండి. చివరి పూసకు ఒక్క పక్కే లంకె, కాబట్టి అక్కడ డయాగనల్ 2 + 1 = 3 (రెండో చివర జీ-సీ కనుక 4). ఈసారి 2.5 వస్తుంది, తగ్గుదల సరిగ్గా సగం సగం. అంటే ఒకే బలహీనత చివర ఉంటే మోడ్ ఇంకా కిందికి దిగుతుంది, ఇంకా గట్టిగా అక్కడే బిగుసుకుంటుంది. డీఎన్ఏ ముక్కలు చివర్ల నుంచే ముందు విచ్చుకుంటాయన్న సంగతి బయాలజీ వాళ్ళకు బాగా తెలుసు, దాని నీడ ఈ చిన్న లెక్కలోనే కనపడుతోంది. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీలో ప్రోహోఫ్‌స్కీ బృందం 1981లో డీఎన్ఏ చివర్ల దగ్గర నిలిచిపోయే ఇలాంటి మోడ్‌లను పూర్తి అణు నిర్మాణంతో లెక్కగట్టింది. మనం చేసింది దాని బొమ్మ మాత్రమే, కానీ లోపల ఉన్న ఆలోచన అదే.

మధ్యలో పక్కపక్కనే రెండు ఏ-టీలు పెట్టి చూడండి. మళ్ళీ 2.5! కాకతాళీయం కాదు. రెండు ఏ-టీల మధ్య అద్దం పెట్టారనుకోండి, ఒక్కో సగం చివర ఏ-టీ ఉన్న గొలుసే.

ఏ లోపానికి ఏ అంకె మార్చాలి అన్నది ఆలోచించి చెయ్యాల్సిన పని. జీకి ఎదురుగా సీకి బదులు టీ వచ్చి కూర్చుంటే (మిస్‌మ్యాచ్) బంధాలు రెండే, బేస్‌లు కాస్త పక్కకు జరుగుతాయి, కాబట్టి విడి స్ప్రింగ్ తగ్గించండి, పక్క లంకెలూ కొంచెం. బేస్ మొత్తం ఊడిపోయిన చోటు ఇంకా తీవ్రం. మనిషి కణం ఒక్కోదానిలో రోజుకు దాదాపు 10,000 బేస్‌లు ఇలా వాటంతటవే ఊడతాయని అంచనా, కణమే వాటిని సరిచేసుకుంటూ ఉంటుంది. అక్కడ విడి స్ప్రింగ్ దాదాపు సున్నా, బరువు తక్కువ, రెండు పక్కల లంకెలూ బలహీనం, మూడూ మార్చాలి. ఇక ఒక పోగు మాత్రమే తెగిన చోటు, నిక్ అంటారు, అక్కడ బేస్ జతలు బాగానే ఉంటాయి, లంకె ఒక్కటే సడలుతుంది. మాత్రికలో ఆ ఒక్క లంకెను 1 నుంచి 0.3 చేసి చూడండి (ఆ రెండు పూసల డయాగనల్ కూడా 0.7 తగ్గించడం మర్చిపోకండి). ఈ మోడల్‌లో బ్యాండ్ బయటకు ఒక్క విలువ కూడా రాదు. తెగిన పోగు చూస్తే పెద్ద లోపంలా ఉంటుంది, అయినా మోడ్ లేదు. అందుకే ముందు బ్యాండ్ చూడమన్నాను.

నిజమైన అంకెలు పెట్టాలంటే

మిషెల్ పెరార్డ్, అలన్ బిషప్ 1989లో డీఎన్ఏ విచ్చుకోవడానికి ఒక మోడల్ ఇచ్చారు. మనది దానికి తమ్ముడు. వాళ్ళు విడి స్ప్రింగ్ బదులు మోర్స్ పొటెన్షియల్ పెట్టారు, కొద్దిగా సాగదీస్తే స్ప్రింగులా, ఎక్కువ సాగదీస్తే తెగిపోయేలా. తర్వాత కాంపా, జాన్‌సాంటీ 1998లో వాడిన అంకెలు ఇప్పటికీ చాలామంది తీసుకుంటారు: ఏ-టీ లోతు 0.05 ఎలక్ట్రాన్ వోల్టులు, జీ-సీకి 0.075, మోర్స్ వెడల్పు గుణకాలు ఆంగ్‌స్ట్రామ్‌కు 4.2, 6.9, బరువు 300 అటామిక్ మాస్ యూనిట్లు, లంకె చిన్న కదలికలకు చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కు 0.075 ఎలక్ట్రాన్ వోల్టులు.

మోర్స్ లోతును 2తో, వెడల్పు గుణకం వర్గంతో గుణిస్తే విడి స్ప్రింగ్ వస్తుంది. ఏ-టీకి 1.764, జీ-సీకి 7.14. చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కు ఒక ఎలక్ట్రాన్ వోల్టు అంటే మీటరుకు 16.02 న్యూటన్లు, ఆ మార్పు చేసి బరువుతో భాగించి వర్గమూలం తీసి 2πతో భాగించండి. జీ-సీ గొలుసు బ్యాండ్ 2.41 నుంచి 2.46 టెరాహెర్ట్జ్ వరకు వస్తుంది, చాలా ఇరుకు. మధ్యలో ఒంటరి ఏ-టీ 1.25 టెరాహెర్ట్జ్ దగ్గర, చాలా దిగువన. పక్క జత కదలిక 1.4 శాతం మాత్రమే. మన ఆట లెక్కలో 62 శాతం ఉన్నది ఇక్కడ 1.4 ఎందుకైంది? అక్కడ విడి స్ప్రింగుల తేడాకూ లంకెకూ నిష్పత్తి 1, ఇక్కడ దాదాపు 72. ఈ నిష్పత్తే మోడ్ వెడల్పును నిర్ణయిస్తుంది. పైగా ఈ అంకెలను డీఎన్ఏ ఏ ఉష్ణోగ్రత దగ్గర విచ్చుకుంటుందో చూసి సరిపెట్టారు, స్పెక్ట్రమ్ చూసి కాదు. కాబట్టి 1.25ను కొలతలా కాకుండా ఏ స్థాయిలో ఉంటుందో చెప్పే గుర్తులా చూడండి.

మోర్స్ వల్ల ఇంకో మంచి సంగతి ఉంది. కదలిక పెద్దదయ్యేకొద్దీ ఆ స్ప్రింగ్ మెత్తబడుతుంది, ఫ్రీక్వెన్సీ కిందికి జారుతుంది. అలా జారి బ్యాండ్ కిందికి పోతే ఏ లోపమూ లేకుండానే కంపనం ఒకచోట నిలిచిపోగలదు. ఇలా లోపం లేకుండా నిలిచే మోడ్‌ల గురించి సీవర్స్, టకెనో 1988లో చూపించారు. డీఎన్ఏలో అక్కడక్కడా కొన్ని జతలు కాసేపు విచ్చుకుని మళ్ళీ మూసుకునే బుడగలను అర్థం చేసుకోవడానికి ఈ దారి ఉపయోగపడింది. అది చెయ్యాలంటే మాత్రిక చాలదు, కాలంతో పాటు సమీకరణాలను నడపాలి.

నీటి సంగతి కూడా మర్చిపోకూడదు. కణంలో డీఎన్ఏ చుట్టూ నీరే, టెరాహెర్ట్జ్ దగ్గరి ఈ కంపనాలను నీరు చాలా త్వరగా ఆర్పేస్తుంది. 1984లో డీఎన్ఏ మైక్రోవేవ్‌ను పదునైన రెసొనెన్స్‌లతో పీల్చుకుంటోందని ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో ఒక పేపర్ వచ్చింది. 1987లో వేరే బృందాలు జాగ్రత్తగా మళ్ళీ కొలిస్తే ఆ శిఖరాలు కనపడలేదు. ఇంకా 528 హెర్ట్జ్ సంగీతం డీఎన్ఏను రిపేర్ చేస్తుందని వీడియోలు తిరుగుతుంటాయి, మా బంధువుల్లోనే మందులు పక్కనపెట్టి అవి పెట్టుకున్నవాళ్ళున్నారు. మనం లెక్కగట్టిన 1.25 టెరాహెర్ట్జ్ ఆ 528 కంటే దాదాపు 237 కోట్ల రెట్లు ఎక్కువ. ఇంట్లో ఎవరైనా అడిగితే ఈ భాగహారం వాళ్ళ ముందే చేసి చూపించండి.

కొవ్వొత్తి ముక్కతో కళ్ళారా చూడటం

డీఎన్ఏలో లోపం దగ్గరి కంపనాన్ని విడిగా కొలవడం కాలేజీ స్థాయిలో కుదిరే పని కాదు. కానీ మైనంలో కుదురుతుంది. పారఫిన్ మైనం అంటే పొడవాటి కార్బన్ గొలుసులు, గడ్డగా ఉన్నప్పుడు ఆ గొలుసులు జిగ్‌జాగ్‌గా తిన్నగా ఉంటాయి. కరిగితే అక్కడక్కడా మెలిక పడుతుంది, ఆ మెలికను గాష్ అంటారు. మన భాషలో అదే లోపం.

లోపం వల్ల కొత్త గీతలు ఎందుకు కనపడతాయన్నది అర్థం కావాలంటే ఒక్క మాట. విశాఖలో, వాల్తేరు ఆంధ్రా యూనివర్సిటీలో సూరి భగవంతం, టి. వెంకటరాయుడు 1939లో స్ఫటికంలో ఏ కంపనాలు రామన్ స్పెక్ట్రమ్‌లో కనపడతాయో, ఏవి కనపడవో గ్రూప్ థియరీతో (సౌష్ఠవాన్ని లెక్కగట్టే గణితం) తేల్చే పద్ధతి ఇచ్చారు. ఆ లెక్కంతా స్ఫటికం సౌష్ఠవం మీద నిలబడింది. లోపం ఆ సౌష్ఠవాన్ని చెడగొడుతుంది, అప్పటిదాకా దాక్కున్న కంపనాలు బయటపడతాయి.

ఏటీఆర్ (నమూనాను ఒక క్రిస్టల్ మీద నొక్కి కొలిచే అమరిక) ఉన్న ఎఫ్‌టీఐఆర్ అయితే చాలా తేలిక. రంగు, వాసన లేని తెల్ల కొవ్వొత్తి నుంచి పల్చటి ముక్క గీసి క్రిస్టల్ మీద నొక్కి, 650 నుంచి 1500 సెంటీమీటర్ ఇన్వర్స్ (స్పెక్ట్రమ్‌లో ఫ్రీక్వెన్సీని చెప్పే యూనిట్, కింది అంకెలన్నీ ఇందులోనే) వరకు స్పెక్ట్రమ్ తీసుకోండి. స్కాన్‌లు ఎక్కువ పెట్టండి, మనం వెతికేవి బలహీనమైన గీతలు. గడ్డ మైనంలో 719, 730 దగ్గర జంట శిఖరాలు కనపడతాయి, ఇది స్ఫటికంలో పక్క గొలుసుల ఒత్తిడి వల్ల వచ్చిన చీలిక. తర్వాత హీటెడ్ ఏటీఆర్ ఉంటే మైనం పూర్తిగా కరిగేదాకా వేడి చేసి మళ్ళీ తియ్యండి. లేకపోతే కరిగించిన చుక్క వేసి గడ్డకట్టేలోపు తీసెయ్యాలి, ఇది చెయ్యి తిరిగితే గానీ కుదరదు, మూడు నాలుగుసార్లు పోతుంది. క్రిస్టల్‌కు ఎంత వేడి పనికొస్తుందో ల్యాబ్ ఇన్‌ఛార్జిని ముందే అడగండి.

కరిగిన స్పెక్ట్రమ్‌లో జంట పోయి 720 దగ్గర ఒక్కటే మిగులుతుంది. 1300 నుంచి 1400 మధ్య నెమ్మదిగా కొత్త గీతలు లేస్తాయి. 1341 దగ్గరిది గొలుసు చివర పడిన మెలికది, 1353 పక్కపక్కనే రెండు మెలికలు పడితే వచ్చేది, 1306, 1368 మధ్యలో ఒక తిన్నటి బంధం ఉండి దానికి అటూ ఇటూ ఎదురెదురు మెలికలు పడిన కింక్‌వి. 1378 దగ్గర గట్టిగా ఉండేది మాత్రం లోపం కాదు, గొలుసు చివరి మిథైల్‌ది, గడ్డలోనూ ఉంటుంది. 1368 దాని భుజం మీద కూర్చుంటుంది కాబట్టి కొత్తవాళ్ళు అక్కడ పొరబడతారు. కింక్ ఉందో లేదో చెప్పాలంటే 1306 చూడండి, అది విడిగా ఉంటుంది.

ఇదే సంగతిని ఇంకా పకడ్బందీగా పట్టుకున్నవాళ్ళు గొలుసులో ఒకే ఒక్క కార్బన్ మీది రెండు హైడ్రోజన్‌లను డ్యుటీరియంతో (హైడ్రోజన్‌కే బరువైన రూపం) మార్చారు. మామూలు గొలుసు రాకింగ్ బ్యాండ్ (కార్బన్ మీది రెండు హైడ్రోజన్‌లు కలిసి ఒక పక్కకు ఊగే కంపనాలది) 720 దగ్గర మొదలవుతుంది. డ్యుటీరియం బరువు రెట్టింపు కాబట్టి దాని రాకింగ్ 622కి దిగిపోతుంది, బ్యాండ్ కింద, ఖాళీలో. కింద ఖాళీ లేని మొదటి లెక్కలో బరువైన పూసకు మోడ్ రాలేదు గుర్తుందా, ఇక్కడ కింద ఖాళీ ఉంది, అందుకే వచ్చింది. ఆ కార్బన్ పక్కన మెలిక పడితే 622 కాస్తా 650 చుట్టుపక్కలకు జరుగుతుంది, అంటే గొలుసులో సరిగ్గా ఏ చోట మెలిక పడిందో చెప్పేస్తుంది.

మీ కొవ్వొత్తిలో డ్యుటీరియం ఉండదు కాబట్టి 1306తోనే పని కానివ్వండి. కరిగిన స్పెక్ట్రమ్ తీసుకున్నాక మైనాన్ని అలాగే వదిలేసి గడ్డకట్టనిచ్చి మూడోసారి కొలవండి. 1306, 1353 మళ్ళీ దాదాపు పూర్తిగా తగ్గిపోవాలి, 719, 730 జంట తిరిగి రావాలి. జంట వచ్చినా 1306 అలాగే ఉండిపోతే, మైనం క్రిస్టల్‌కు అంటుకున్న తీరు మారిందేమో ముందు చూసుకోండి, తర్వాతే మెలికల గురించి రాయండి.